మాస్టారు దిద్దిన ఈమెయిలు

మా ఇంటివాళ్ళు మేడమీద ఉంటారు, మేము కింద వాటాలో. రాజమండ్రి దానవాయిపేటలో కింది వాటాకి అద్దె ఎక్కువ పలుకుతుందని, భార్య మోకాళ్ళు రెండూ అరిగిపోయిన సంగతి తెలిసి కూడా సూర్యప్రకాశం మాస్టారు మకాం పైకి మార్చారు. ఆవిడ, మాణిక్యాంబ పిన్నిగారు, మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని పక్కకి తిరిగి పీతలా దిగేవారు. మెట్టుకో దేవుణ్ణి తలుచుకునేవారు. మనకి దేవుళ్ళకి కొదవ లేదు కాబట్టి సరిపోయేవారు.

మాస్టారు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. చెప్పడం ఆపారు గానీ దిద్దడం ఆపలేదు. ఎవరి ఇంటి నుంచి శుభలేఖ వచ్చినా ఎర్ర పెన్నుతో దిద్ది, పెళ్ళికి వెళ్ళినప్పుడు పెళ్ళికూతురి తండ్రి చేతికే ఇచ్చి, ఆ తర్వాత భోజనానికి కూర్చుంటారు.

రెండువేల ఏడులో పిన్నిగారు అంబాజీపేట దగ్గర పుట్టింటివాళ్ళిచ్చిన కొబ్బరితోట అమ్మేశారు. కాకినాడలో మోకాళ్ళ ఆపరేషన్ కోసం. డాక్టరు రమ్మన్న తేదీ కూడా ఖాయమైంది. డబ్బు ఆవిడ పేరనే బ్యాంకులో పడింది. మాస్టారు దానికి ఇంటర్నెట్ సదుపాయం పెట్టించారు. "దీన్ని ఆటో ఎక్కించి బ్యాంకు దాకా తీసుకెళ్ళేసరికి వాళ్ళు తలుపులేసుకుంటారమ్మా" అని నాతో అన్నారు, ఆవిడ వింటుండగానే. పాస్‌వర్డు ఆయనే పెట్టారు, ఆయనకే తెలుసు. కంప్యూటరు మాత్రం మాది. రోజూ భోంచేసి కిందికొచ్చి, మా హాల్లో కూర్చుని మెయిల్ చూసుకునేవారు. అద్దెలో అదీ ఒక భాగమనుకుని ఊరుకున్నాం.

ఆ రోజు బ్యాంకు పేరుతో ఒక మెయిల్ వచ్చింది. పైన బ్యాంకు గుర్తు కూడా ఉంది.

"చూడండమ్మా ఈ ఘోరం" అన్నారు. "'యువర్ అకౌంట్ ఆర్ సస్పెండెడ్' అట. అకౌంటు ఏకవచనం కదా."

నేను బెండకాయలు కోస్తున్నదాన్ని లేచి వెనక నిలబడి చదివాను. సాయంత్రంలోగా వివరాలన్నీ నింపకపోతే అకౌంటు శాశ్వతంగా మూసేస్తామని ఉంది.

"పేరు రాయలేదేంటండీ? 'డియర్ కస్టమర్' అని ఊరుకున్నారు. బ్యాంకు వాళ్ళకి పిన్నిగారి పేరు తెలియదా?"

"మర్యాద తెలియని మనుషులమ్మా. 'రెస్పెక్టెడ్ మేడమ్' అని మొదలుపెట్టాలి."

"పంపినవాళ్ళ చిరునామా చూడండి. బ్యాంకుది కాదు, ఏదో ఊరూపేరూ లేనిది."

"మీ బియస్సీలో ఏం నేర్పేవారు, కప్పల్ని కోయడమేనా? ఇది భాషకి సంబంధించిన విషయం."

"ఆ నొక్కమన్న లింకులో బ్యాంకు పేరుకి ఒక అక్షరం ఎక్కువుందండి."

"నేను చెప్పేదీ అదే. వీళ్ళకి స్పెల్లింగు రాదు."

దొంగ దొరికిపోయిన ప్రతిచోటా మాస్టారు వాడికి మార్కులు తగ్గించుకుంటూ పోయారు. వాడసలు తన క్లాసువాడే కాదేమోనన్న అనుమానం మాత్రం రాలేదు.

"బ్యాంకువాళ్ళు పాస్‌వర్డు ఎప్పుడూ అడగరండి" అన్నాను చివరికి.

"మిమ్మల్ని అడగరు లెండి. అడిగినా మీ దగ్గర ఏముంటుంది?"

లింకు నొక్కారు. వచ్చిన పేజీలో యూజర్ నేమ్, పాస్‌వర్డు, డబ్బు పంపడానికి వాడే రెండో పాస్‌వర్డు, దేన్నీ వదలకుండా నింపారు. అక్కడితో ఆగలేదు. మెయిల్లో ఉన్న తప్పులన్నీ వరసగా దిద్ది, ఇకముందు శ్రద్ధగా రాయమని హెచ్చరించి, జవాబు కూడా పంపారు. దొంగకి ట్యూషన్ ఉచితం. తృప్తిగా పైకెళ్ళి పడుకున్నారు.

వాళ్ళ ఫోను మాస్టారి మంచం పక్కనే ఉంటుంది. అందుకని నేను పైకెళ్ళి పిన్నిగారికి సైగ చేసి, ఏటీఎం కార్డు పట్టుకుని కిందికి రమ్మన్నాను. దేవుళ్ళందరూ అయ్యాక ఆవిడ మా హాల్లోకి చేరారు. జరిగింది చెప్పాను. మాస్టారి తెలివి సంగతి ఆవిడకి కొత్త కాదు కాబట్టి వెంటనే అర్థమైంది.

"నా మోకాళ్ళమ్మా" అన్నారు. డబ్బు అనలేదు.

మెయిల్లోనూ ఒక ఫోన్ నంబరుంది గానీ దాని జోలికి పోకుండా, కార్డు వెనక అచ్చేసిన నంబరుకి చేసి స్పీకరు నొక్కాను. ఒక అమ్మాయి తెలుగులోనే మాట్లాడింది. అకౌంటు వెంటనే ఆపెయ్యమని పిన్నిగారు అడిగారు. ఆ అమ్మాయి పేరడిగింది, చెప్పారు. పుట్టిన తేదీ అడిగింది, బడిలో వేసింది చెప్పారు.

"మీ హస్బెండ్ పేరు చెప్పండి మేడమ్."

పిన్నిగారు నా వంక చూశారు.

"మాస్టారండి."

"పేరు మేడమ్."

"మా అప్పాజీ వాళ్ళ నాన్నగారండి."

"పేరు కావాలి మేడమ్."

"పొద్దున్నే వస్తారు కదండీ, ఆయన. ఆయన పక్కన వెలుతురు కలుపుకోండి."

"పొద్దున్నే ఎవరొస్తారు మేడమ్, పాలబ్బాయా?"

నేను అందించబోయాను. పక్కనుంచి ఎవరూ చెప్పకూడదంది. వివరాలు కలవలేదని, తెలుసుకుని మళ్ళీ చెయ్యమని పెట్టేసింది. మొగుడి పేరు తెలుసుకుని రమ్మంది.

ఆ పేరు ఎత్తితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని కాపురానికొచ్చిన కొత్తలో అత్తగారు చెప్పారట. రేషన్ కార్డువాళ్ళొచ్చినా, ఓటర్ల జాబితావాళ్ళొచ్చినా పిన్నిగారు పక్కింటి పిల్లల్ని పిలిచి చెప్పించేవారు.

"కాగితం మీద రాస్తాను, చదివెయ్యండి పిన్నిగారూ."

"చదివినా ఈ నోటితోనే కదమ్మా."

మళ్ళీ నంబరు కలిపాను. కాసేపు ఆగమని సంగీతం పెట్టారు. ఆ గోలకి మాస్టారు నిద్ర లేచి కిందికొచ్చారు. సంగతి విని ముందు కాస్త తడబడ్డారు గానీ, తడబాటు ఆయన ఒంటికి పడదు.

"అంటే, నాకు తెలియలేదని బ్యాంకువాళ్ళకి చాటుతావన్నమాట. ఏబీసీడీలు రాని మొహం."

"డబ్బు ఉందో పోయిందో మీరే ఒకసారి చూడండి" అన్నారు పిన్నిగారు.

"ఎక్కడికి పోతుందే? నీకు లేనట్టే దానికీ కాళ్ళు లేవు." తన మాటకి తనే నవ్వుకున్నారు. "అయినా వాళ్ళడిగేది నా పేరు. అది నీ నోట ఈ జన్మకి రాదు గానీ, ఫోన్ పెట్టేసి కాఫీ కలుపు."

సంగీతం ఆగింది. ఈసారి వేరే అమ్మాయి. అవే ప్రశ్నలు.

"హస్బెండ్ పేరు మేడమ్?"

పిన్నిగారు మాస్టారి కళ్ళలోకి చూస్తూ "సూర్యప్రకాశం" అన్నారు.

"సారీ మేడమ్, సరిగా వినబడలేదు."

"సూర్యప్రకాశం" అన్నారు, ఈసారి వీధిలోకి వినబడేలా.

మాస్టారు గుండె మీద చెయ్యి వేసుకున్నారు. ఏమీ కాలేదు. పిన్నిగారు కూడా ఆయన్ని కాసేపు పరీక్షగా చూశారు, ఏమైనా అవుతుందేమోనని.

"అకౌంట్ బ్లాక్ చేశాం మేడమ్. కానీ కొద్దిసేపటి క్రితమే డబ్బంతా వేరే అకౌంటుకి వెళ్ళిపోయింది. మీరు ఇంకాస్త ముందు చేసి ఉండాల్సింది."

"చేశామండి" అన్నాను నేను. "పేరు దగ్గర ఆగిపోయాం."

పాస్‌వర్డు మీ చేత్తో మీరే ఇచ్చారు కదా అంది బ్యాంకు. పోలీసులు దరఖాస్తు తీసుకుని, టీ తాగమన్నారు. కాకినాడ తేదీ వచ్చింది, వెళ్ళింది. ఎవరైనా పలకరిస్తే మాస్టారు "మా ఆవిడ అమాయకురాలండి, ఎవడికో పాస్‌వర్డు చెప్పేసింది" అనడం మొదలుపెట్టారు. ఆ మాట ఒకసారి మా గుమ్మంలోనే అన్నారు. పైనుంచి పిన్నిగారు విన్నారు.

ఆ తర్వాత ఆవిడ కిందికి దిగడం మానేశారు. పిట్టగోడ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంటున్నారు. ఏం కావలసినా అక్కడినుంచే కేక.

"సూర్యప్రకాశం, పెరుగు తీసుకురా."

గారూ లేదు, అండీ లేదు. దారిన పోయే పాత విద్యార్థులు సైకిళ్ళాపి తలెత్తి చూస్తున్నారు. మొన్న సంచీతో పైకెక్కుతూ మాస్టారు సగం మెట్ల మీద ఆగి, ఎవరూ వినకుండా చెప్పాలని చూశారు. మా వంటింటి కిటికీ ఆ మెట్ల పక్కనే.

"అలా పిలవకే. ఆయుష్షు తగ్గుతుంది."

"తెలుసు" అన్నారు పిన్నిగారు. "కొత్తిమీర మర్చిపోయావు. మళ్ళీ దిగు, సూర్యప్రకాశం."