రెండో ట్యాంకు చదువు

పిన్ని ఆ లాబ్‌లో అందరికీ పిన్నే, పెద్దసారుతో సహా. తనకంటే పదేళ్ళు పెద్దాయన నోరారా పిన్నీ అని పిలుస్తుంటే మొదట్లో ఆవిడకి ఒళ్ళు మండేది. తర్వాత అలవాటైపోయింది. ఉప్పునీళ్ళు మార్చడం, ట్యాంకుల అద్దాలు తోమడం, పెంకు లేని సముద్రపు నత్తలకు నాచు వేయడం ఆవిడ పనులు. అరచేతంత ఉండే ఆ జిగురు ముద్దల్ని మొదటిరోజు చేతికి గుడ్డ చుట్టుకోనిదే ముట్టుకోలేదు. ఇప్పుడు ఏది సరిగ్గా తినడం లేదో వాలకం చూసి చెప్పేస్తుంది.

రీసెర్చి అమ్మాయి పని వేరు. ఒకటో ట్యాంకులో నత్త ఒంటిమీద ఉండే చిన్న గొట్టాన్ని కుంచెతో మెల్లగా తాకుతుంది. నత్త హడలిపోయి మొప్పను లోపలికి లాక్కుంటుంది. పదిసార్లు తాకేసరికి ఓస్ ఇంతేనా అని ఊరుకుంటుంది. రోజుకి పది చొప్పున నాలుగు రోజులు నేర్పితే ఆ పాఠం మూడు వారాలైనా మరచిపోదట. రెండో ట్యాంకును మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. పోల్చి చూడ్డానికి అవి ఏ చదువూ రానివిగానే ఉండాలి. ఈ లెక్క తేలి నెలాఖరుకు థీసిస్ ఇవ్వకపోతే అమ్మాయి సీటు పోతుంది.

“దీనికి తలెక్కడో తోకెక్కడో తెలీదు. గుర్తెక్కడ పెట్టుకుంటుందమ్మా?” అని పిన్ని ఒకసారి అడిగింది.

“నరాల కణాల్లో పిన్నీ. ఒక కణం పక్కదానికి కొమ్మలు చాచి కబురు చెప్తుంది. మధ్యలో విరామం ఇస్తూ నేర్పామనుకో, భయం కబురు మోసే కొమ్మలు కొన్ని తగ్గిపోతాయి. ఒక్కరోజే రుద్దేస్తే అవి ఉన్నవి ఉన్నట్టే ఉంటాయి. రెండు రోజులు తిరిగేసరికి మళ్ళీ మొదటికే.”

కొమ్మల సంగతి పిన్నికి అర్థమైంది. రెండో ట్యాంకు సంగతే మింగుడుపడలేదు. ఒకే ఇంటి పిల్లల్లో సగంమందికి ధైర్యం నేర్పి, మిగతావాళ్ళని హడలి చావమనడం ఏం న్యాయం?

ఇంతలో అమ్మాయికి అక్క పెళ్ళి వచ్చిపడింది. సోమవారం ఒక్కపూటలో కుంచె పని కానిచ్చేసి రైలెక్కేసింది. పెద్దసారు కూడా ఊళ్ళో లేరు. మంగళవారం పిన్ని కుంచె అందుకుంది. నాలుగు రోజులు, తోమడం అయ్యాక, రెండో ట్యాంకులో ఒక్కోదానికి పదేసి. పదకొండోది వేయలేదు. పక్షపాతం అంటే ఆవిడకి పడదు.

మూడు వారాలకు పరీక్ష. పెద్దసారు కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. ఒకటో ట్యాంకులో ఏ నత్తను తాకినా కొంప మునిగినట్టు ముడుచుకుపోయింది. రెండో ట్యాంకులోవి ఉలకలేదు, పలకలేదు. అమ్మాయి ముఖంలో నెత్తురుచుక్క లేదు.

“అద్దాలు తోమేటప్పుడు ట్యాంకుల నంబర్ల స్టిక్కర్లు ఏమైనా తారుమారయ్యాయా పిన్నీ?” అన్నారు సారు.

అమ్మాయి పిన్ని వైపు చూసింది. ఆ చూపులో ఏం అడుగుతోందో పిన్నికి తెలుసు. ఔనంటే చాలు, పిల్ల సీటు దక్కుతుంది. తనకి పడేవి నాలుగు చీవాట్లు, వాటిని దులిపేసుకోవడం కొత్తేమీ కాదు. ఔననడానికే నోరు తెరిచింది. తెరిచి, ఎందుకో రెండో ట్యాంకు వైపు చూసింది. నడుం నొప్పితో వంగి వంగి తను నేర్పిన చదువు. నిజం చెప్పొద్దూ, ఆవిడకి గర్వం పొంగుకొచ్చింది.

“లేదు సారూ. స్టిక్కర్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. రెండో ట్యాంకుకి నేర్పింది నేను. రోజుకి పది, నాలుగు రోజులు.”

పెద్దసారు స్టూలు లాక్కుని కూర్చున్నారు. “మరి ఒకటో ట్యాంకుకి రాలేదేం?”

అది పిన్ని చెప్పాల్సిన మాట కాదు. కుళాయి వైపు చూస్తూ నిలబడింది.

“నలభైసార్లూ ఒక్కరోజే తాకేశాను సార్,” అంది అమ్మాయి. “నోట్సులో నాలుగు తేదీలు వేశాను.” ఏడుపు ఆపుకోలేకపోయింది. తన గొప్ప చెప్పుకోబోయి పిల్ల గొంతు కోశానే అని పిన్ని ప్రాణం విలవిల్లాడింది.

“ఈ నోట్సు పనికిరాదు. ఎందుకు పనికిరాదో పైవాళ్ళకి నువ్వే రాయి, దాచకుండా. దాని కింద మూడు నెలల గడువు నేను అడుగుతాను,” అన్నారు సారు. “కొత్త నత్తలు వస్తాయి. పాఠం పిన్ని చెప్తుంది. ట్యాంకులు నువ్వు తోము.”

గడువు వచ్చింది, నత్తలూ వచ్చాయి. మూడోరోజు పిన్ని ఒకటో ట్యాంకు మీద వంగి లెక్కపెడుతోంది. అద్దం తోముతున్న అమ్మాయి చెయ్యి రెండో ట్యాంకు నీళ్ళలోకి జారింది.

“చెయ్యి తియ్యి.”

“పాపం పిన్నీ, నీళ్ళు కదిలినా ముడుచుకుపోతున్నాయి.”

“నాకు తెలీదా,” అంది పిన్ని. అటు చూడలేక కుంచె వైపే చూస్తూ, “ముందు నీ థీసిస్ కానీ. ఆ తర్వాత ఇద్దరం కూర్చుని నేర్పుదాం. పదేసి,” అంది.