రేకు వెనక చెక్క

కొత్తవాడలో కైలాసం ఇల్లంటే ఒక పొడవాటి గది, పక్కన పడుకోవడానికి చిన్న గది, వెనక జానెడు పెరడు. పొడవాటి గదిలో ముందు సగం మగ్గానిది, వెనక సగం వంటకు. రెండింటికీ మధ్య గోడ లేదు. కొడుకు చిన్నగా ఉన్న రోజుల్లో, పొయ్యి పొగ మగ్గం మీద నేసే జంపఖానాలకు పట్టకుండా కైలాసం ప్లైవుడ్ చెక్కలు నిలబెట్టించి మేకులు కొట్టించాడు. తర్వాత గోడ కట్టిద్దామనుకున్నాడు కానీ, ఆ చెక్కలే గోడయిపోయాయి.

పాత స్టవ్ కిటికీ కింద ఇటుక గోడకు ఆనుకుని ఉండేది. కొడుకు కృష్ణమోహన్‌కు పెళ్లయి, పరకాల నుంచి సుహాసిని కాపురానికి వచ్చాక, అతను సరదాపడి మూడు బర్నర్ల గాజు స్టవ్ కొన్నాడు. అది కిటికీ కింద పట్టలేదు. ఒక పక్క సింకు, ఇంకో పక్క నీళ్ల డ్రమ్ము. అందుకని చెక్క గోడ వెంబడి బండ వేయించి స్టవ్‌ను అక్కడ పెట్టించాడు. బిగించడానికి వచ్చిన మెకానిక్, మంటకు ఇంత దగ్గరగా చెక్క ఉండకూడదనీ, ఇటుక గోడ వైపుకే మార్చుకొమ్మనీ చెప్పి వెళ్లాడు. కృష్ణమోహన్ ఆ మాటను కొట్టిపారేయలేదు. ఆ మరుసటి ఆదివారమే స్టీలు రేకు కోయించి తెచ్చి, చెక్కకు అంటించినట్టుగా పెట్టి, చుట్టూ మేకులు కొట్టాడు. రేకు అద్దంలా మెరిసింది. అతని తల్లి అనసూర్య ఇరుగుపొరుగును పిలిచి చూపించింది. పొద్దున వంట కాగానే దాన్ని సబ్బునీళ్లతో తుడవడం ఆమె పని. కోడలిని కూడా తుడవనిచ్చేది కాదు.

సుహాసినికి మొదట తెలిసింది వాసన. వెనక బర్నర్ మీద స్నానాలకు నీళ్లు కాగేటప్పుడు రంపపుపొట్టు మాడుతున్నట్టు వాసన వచ్చేది. స్టవ్ ఆపాక పోయేది. ఒకసారి మగ్గం గదిలో ఊడుస్తూ చెక్కకు చెయ్యి ఆనించింది. అటువైపు వంటయిపోయి చాలా సేపయినా చెక్క వెచ్చగా ఉంది. ఆ చెక్కకు ఆనించే కైలాసం నూలు కట్టలు పేర్చుకునేవాడు.

ఆమె భర్తతో అంది. అతను రేకు మీద నీళ్లు చిలకరించి, ఆవిరైపోతే నవ్వాడు.

“రేకన్నంక వేడెక్కదా? ఇనుముకు మంట అంటుకుంటదా? ఫికర్ జెయ్యకు.”

ఆమె ఇంక రెట్టించలేదు. వచ్చి ఏడాది కూడా కాలేదు. భర్త ముచ్చటపడి చేసిన పనికీ, అత్త రోజూ మురిపెంగా తుడుచుకునే వస్తువుకూ వంక పెట్టినట్టవుతుందని ఊరుకుంది. కానీ మనసు ఊరుకోలేదు. ఊడ్చేటప్పుడల్లా నూలు కట్టల్ని చెక్క దగ్గర్నుంచి ఎదుటి గోడకు మార్చేది. సాయంత్రానికి అవి మళ్లీ చెక్క దగ్గరే ఉండేవి. కోడలికి శుభ్రం మరీ ఎక్కువని కైలాసం అనుకున్నాడు. తను ఎక్కడివక్కడ పెడుతున్నానని అతని లెక్క. ఇద్దరూ ఒకరినొకరు ఏమీ అడగకుండానే ఆ కట్టలు గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఉండేవి.

వానాకాలంలో ఒక పెద్ద జంపఖానా పని వచ్చింది. సగం నేసేసరికి ఎర్ర నూలు తక్కువపడింది. ఆ కొంచెం కోసం రంగులద్దే చోటికి పంపితే ఆలస్యమవుతుందని కైలాసం ఇంట్లోనే రంగు ఉడకబెట్టడానికి సిద్ధమయ్యాడు. పెద్ద గుండిగను వెనక బర్నర్ మీద పెట్టి, దించేదాకా కలుపుతూ ఉండమని కోడలికి చెప్పి, జంపఖానా అడిగిన మనిషి రమ్మంటే బయటికి వెళ్లాడు. గుండిగ బర్నర్ కంటే చాలా వెడల్పు. మంట దాని అడుగున పైకి పోలేక పక్కలకు పాకుతోంది. రేకు నీలంగా రంగు మారింది. అనసూర్య అవతల చెక్క వైపు వీపు పెట్టి కూర్చుని నూలు కండెలు చుడుతోంది.

సుహాసిని కర్రతో కలుపుతూ ఉండగా రేకు పైఅంచున సన్నటి పొగ కనిపించింది. రంగునీళ్ల ఆవిరేమో అనుకుంది. కానీ కళ్లు మండసాగాయి, ఆవిరైతే మండవు. ఆమె వెంటనే స్టవ్ ఆపి, కిందికి వంగి సిలిండర్ రెగ్యులేటర్ కట్టేసి, మగ్గం గదిలోకి పరిగెత్తింది.

చెక్క నడుమ నల్లటి మచ్చ ఒకటి ఏర్పడి, దాని అంచున ఎర్రటి గీత మెల్లగా పెరుగుతోంది. మంట లేదు. పైన ఉన్న నూలు కట్ట మీదికి ఆ ఎరుపు అప్పుడే పాకింది. అనసూర్య లేచి నిలబడి, ఆ కట్టను విసిరేద్దామని రెండు చేతులతో లాగింది. గాలి తగలడంతోనే కట్ట భగ్గుమంది. అప్పటికీ ఆమె వదల్లేదు. మగ్గం మీద పడుతుందేమోనని దాన్ని పట్టుకునే వాకిలి వైపు తిరిగింది. సుహాసిని ఆమె చేతుల్లోంచి కట్టను తన్నినట్టుగా నెట్టేసి, ఆమెను బయటికి లాగింది. పక్కింటి కమల బిందెతో వచ్చింది. ఆమె వెనక వీధిలోని వాళ్లు వచ్చారు. చెక్కకు రెండు వైపులా నీళ్లు కొట్టారు. నూలు కట్టలన్నీ వాకిట్లోకి ఈడ్చారు. పైకి ఆరిపోయినట్టున్న కట్టలు విప్పితే లోపల ఇంకా కాలుతూనే ఉన్నాయి. వాటిని నీళ్లలో ముంచి తొక్కాల్సి వచ్చింది. మగ్గం నిలిచింది గానీ, కింద పడ్డ కట్ట మంట తగిలి నేస్తున్న జంపఖానా ఒక పక్క అంచు పొడుగునా మాడిపోయింది.

అనసూర్య కుడిచెయ్యి అరచేతిలో తోలు లేచింది. కమల ఆమె చేతిని కుళాయి కింద పెట్టి, చాలాసేపు తియ్యనివ్వలేదు. తర్వాత దవాఖానలో కట్టు కట్టారు. భయం లేదు గానీ మానడానికి టైం పడుతుందన్నారు.

సాయంత్రం కృష్ణమోహన్ పని నుంచి వచ్చి, సుత్తి తీసుకుని రేకును ఊడబెరికాడు. వెనక చెక్క అంతా బొగ్గే. వేలితో నొక్కితే పొడిగా రాలింది. మధ్యలో కాలిన చోటే కాదు, రేకు ఉన్న మేరంతా, కింద మంట తగలని మూలల దాకా నల్లబడి పగుళ్లిచ్చి ఉంది.

కైలాసం ఒక పెళ్ల చేతిలోకి తీసుకుని చూశాడు.

“ఇది ఇయ్యాల కాలింది కాదురా. రేకు పెట్టిన కాడి నుంచి లోపల్లోపల వేగుతనే ఉన్నది. చెక్కకు అంటుకోని ఉండెనాయె, ఆ వేడి యాడికి పోవాలె?”

కైలాసం కోడలి వైపు తిరిగాడు.

“నువ్వు కట్టలు తీసి అటు పెట్టింది ఇందుకేనా?”

ఆమె అవునంది. చెక్క వెచ్చగా ఉండేదని చెప్పింది.

“మరి చెప్పొద్దా బిడ్డా?”

“ఒకపారి చెప్పిన మామయ్యా, ఆయనతోని. మళ్ల మళ్ల అంటే అత్తమ్మ మనసు కష్టపెట్టుకుంటదని ఊకున్న.”

చేతిని ఒళ్లో పెట్టుకుని మంచం మీద కూర్చున్న అనసూర్య చిన్నగా అంది.

“నాగ్గూడ వాసన వచ్చేది. వాడు ఇష్టంగ చేసిండని నేను గూడ అనలే.”

కైలాసం తన సంగతి కూడా దాచలేదు. వానల్లో నూలు చెమ్మ పడుతుంది, ఆ చెక్క దగ్గర పెడితే పొడిగా ఉంటోందని సంతోషపడి అక్కడే పేర్చేవాడట. చెక్క ఎందుకు వెచ్చగా ఉందని ఒక్కనాడూ అనుకోలేదట. కృష్ణమోహన్ లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. కొంతసేపటికి సుహాసిని వెళ్లి అతని పక్కన నిలబడింది. అమ్మ చెయ్యి చూడలేకపోతున్నానన్నాడు. రేపు కట్టు మార్పించడానికి నువ్వే తీసుకుపోవాలని ఆమె చెప్పింది. అతను తీసుకుపోయాడు, మానేదాకా ప్రతిసారీ అతనే తీసుకుపోయాడు.

తర్వాత ఏం చెయ్యాలన్న మాట వచ్చినప్పుడు, రేకుకూ చెక్కకూ నడుమ గాలి ఆడేలా సందు వదిలి మళ్లీ బిగిస్తే సరిపోతుందని ఎవరో చెప్పారని కృష్ణమోహన్ అన్నాడు. సుహాసిని ఈసారి ఒప్పుకోలేదు. వెనక నూలు ఉన్నంత కాలం ఇక్కడ చెక్కే వద్దంది. చెక్క పూర్తిగా తీసేసి ఇటుక గోడ కట్టించాలనీ, అది కట్టినా స్టవ్ మాత్రం కిటికీ కిందికే పోవాలనీ, సింకును ఇటు జరపాలనీ చెప్పింది. కిటికీకి ఉన్న పరదా కూడా తీసేయాలంది. కైలాసం అప్పుడే లేచి యాకయ్య మేస్త్రీకి కబురు చేశాడు.

గోడ లేచేదాకా పెరట్లో తడకల దడికి దూరంగా రాళ్ల పొయ్యి మీద వండుకున్నారు. మాడిన అంచును కోసేసి, మిగిలినదాన్ని కైలాసం చిన్న జంపఖానాగా ముగించాడు. అడిగిన మనిషికి వేరేది మొదలుపెట్టాడు. మెకానిక్ వచ్చి కొత్త చోట స్టవ్ బిగించి, పైపు మంట వెనకనుంచి పోకుండా పక్కకు తిప్పి, అతుకుల దగ్గర సబ్బునురగ రాసి చూశాడు. బుడగలు రాలేదు.

ఆ రోజు వంట తానే చేస్తానని అనసూర్య పట్టుబట్టింది. కట్టు విప్పినా చెయ్యి ఇంకా పూర్తిగా ముడవడం లేదు. అయినా ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా ఎడమచేత్తోనే పప్పు, చింతకాయ తొక్కు చేసింది. నలుగురూ కూర్చున్నారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కైలాసం ఆగాడు. కృష్ణమోహన్ నీళ్ల గ్లాసు అందుకున్నాడు. సుహాసిని మాత్రం అత్త ముఖం చూసి చెప్పేసింది.

“పప్పుల ఉప్పు ఎక్కువైంది అత్తమ్మా.”

అనసూర్య రుచి చూసి, నిజమేనని ఒప్పుకుని, ఉప్పు సరిపోయేలా అందరి కంచాల్లో ఇంకొంచెం వేడి అన్నం వడ్డించింది.