లారీ గుంజిన మోకు

మూసీ ఇసుకలో లారీ దిగబడితే కాడెడ్లను కట్టి లాగాలి. ఊరి బయట క్యాంపు వేసి ఊళ్ళ మీద పడుతున్న ఆ తుపాకుల వాళ్ళకు ఎడ్లు దొరకలేదు, మా ఆయన మోకు దొరికింది. మోకంటే కల్లు గీయడానికి ఎక్కేటప్పుడు తాడిచెట్టునూ మనిషి నడుమునూ కలిపి చుట్టే తాడు. చెట్టు మీద ఆయన ప్రాణమంతా దాని మీదే వాలి ఉంటుంది. అలాంటిదాన్ని లారీకి కట్టి, పదిమంది కలిసి గుంజి, ఇసుకలో ఈడ్చి, మా వాకిట్లో పారేసి పోయారు. పందొమ్మిది వందల నలభై ఎనిమిది ఎండాకాలం అది. నేరేడుచర్ల చుట్టుపక్కల ఊళ్ళలో వాళ్ళను అడిగేవాడెవడు?

మా ఆయన గట్టయ్య దాన్ని కడిగి, నీడన ఆరేసి, ఆముదం రాశాడు. పైకి బాగానే కనిపించింది. నాకే మనసొప్పక, పురి విప్పి లోపల చూశాను. ఇసుక! నారను లోలోపలే కోసేసింది. వేలితో గీరితే పొట్టులా రాలింది.

"కొత్తది పేనెదాంక చెట్టెక్కకు," అన్నాను.

"ఎక్కనే, బుగులు పడకు," అన్నాడు.

తెల్లారగానే వాళ్ళలో ఒకడు వచ్చాడు, క్యాంపుకు కల్లు కావాలని. మా ఆయన మోకు చూపించి, చెడిపోయిందని దండం పెట్టాడు.

"లారీని గుంజింది, నిన్ను మొయ్యదా? నడువ్!" అని తుపాకీ గొట్టంతో వీపులో పొడిచాడు.

వాడి తెలివి తగలెయ్య!

ఆయన ఎక్కాడు. ఎప్పుడూ మోకు మీద వెనక్కి వాలి హాయిగా ఎక్కే మనిషి, ఆ రోజు చెట్టును కావలించుకుని, రొమ్ము గీసుకుపోతున్నా వదలకుండా పాకాడు. కింద నేను తలెత్తి చూస్తూ నిలబడ్డాను. తాటికమ్మలు గలగలమన్నప్పుడల్లా మోకు తెగిందనే అనుకున్నాను. నోరున్న దాన్ననే పేరు నాకు. ఆ పూట తిట్టడానికి కూడా నోరు రాలేదు, అంత భయం.

దిగాడు. రొమ్మంతా రక్తం. మోకు ఒకచోట సగానికి సగం పీచులు లేచి ఉంది. వాడు కల్లు కుండ అందుకుని ఊపి చూశాడు.

"గింతేనా? గా చెట్టు గూడ ఎక్కు."

ఆయన మోకు ఎత్తుకుని అటు తిరిగాడు. తుపాకీ ముందు ఇంకేం చేస్తాడు? నేను ఆయన నడుముకున్న కల్లు గీసే కత్తి లాగాను. మోకును గుంజుకుని, కాలితో తొక్కిపట్టి, రెండు ముక్కలు చేశాను.

"అయ్యో, చంద్రమ్మా!" అన్నాడాయన.

"ఇగ ఎట్ల ఎక్కిస్తవో ఎక్కియ్యి," అన్నాను వాడితో.

తుపాకీ మడమ నా భుజం మీద పడింది. ఎముక విరగడం నాకు వినిపించింది. మట్టిలో పడి కళ్ళు తెరిస్తే ముందు ఆయన పాదాలు కనిపించాయి. రెండూ నేల మీదే ఉన్నాయి.