ఆపితే వినపడేది

నేను ఒక వంగిన రాడ్డును. ఆ వంగిన అనే మాట నేనే ముందు చెప్పేస్తున్నాను. మీరు కనిపెట్టి, జాలిపడి, పైకి అనలేక ఇబ్బందిపడే శ్రమ తప్పుతుంది. వంపు ఎంతో కాదు, ఒక కన్ను మూసి పొడుగునా చూస్తే తప్ప తెలియదు. కానీ లారీ ఇంజిన్లో పుష్ రాడ్డుగా పుట్టినవాడి ఉద్యోగం ఊడడానికి ఆ మాత్రం వంపు చాలు.

పుష్ రాడ్డు అంటే పెద్ద పదవేమీ కాదు. కింద నుంచి ఒకడు తోస్తాడు, పైన వాల్వు తెరుచుకుంటుంది. మధ్యలో నేను. ఎవరు ఎందుకు తోస్తున్నారో నాకు తెలియదు, పైన తెరుచుకున్నది ఏమిటో నేను చూడలేదు. ఆఫీసుల్లో పనిచేసినవాళ్ళకు ఇంతకన్నా వివరించనక్కర్లేదు. ఒకరోజు దిగుడులో డ్రైవరు తప్పు గేరు వేశాడు. ఇంజిను అరిచింది, పైన వాల్వు వెళ్ళి పిస్టనుకు తగిలింది, మధ్యలో ఉన్న నేను వంగాను. తప్పు చేసినవాడు డ్రైవరు. శిక్ష మాత్రం, ఎప్పటిలాగే, మధ్యవాడికి.

విజయవాడ ఆటోనగర్‌లో నన్ను బయటికి తీసినవాడు ఖాదరు సాయిబు అనే ముసలి మేస్త్రీ. పాత ఇనుములో విసరబోయి ఆగాడు. పక్కన ఇంకో లారీ ఇంజిను తిరుగుతోంది. నా గుండు చివరను దాని మీద ఆనించి, గిన్నెలాంటి రెండో చివరను చెవిలో పెట్టుకున్నాడు. కాసేపు విని, "వీడు బాగా చెప్తున్నాడే" అన్నాడు. ఇంజిన్లో ఉన్నంతకాలం నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. వంగాక అడగడం మొదలుపెట్టారు. అప్పటినుంచి నా పేరు చెవిరాడ్డు.

సాయిబు చేతులు వణకడం మొదలయ్యాక నన్ను తన శిష్యుడు కోటిలింగానికి ఇచ్చాడు. ఇస్తూ, "ఇంజిను అబద్ధమాడదురా" అన్నాడు. చెవి సంగతి ఏమీ చెప్పలేదు.

కోటిలింగం మేస్త్రీ చేతిలో నా జీవితం హాయిగా గడిచింది. లారీవాళ్ళు వచ్చి జబ్బు చెప్పేవాళ్ళు. "దమ్ము లేదు మేస్త్రీ." "పొద్దున్నే లేవడానికి మొరాయిస్తా ఉంది." "ఊరికే వేడెక్కిపోతంది." చెప్పేవాడి మొహం చూస్తే ఆ జబ్బు ఎవరిదో నాకు అనుమానంగా ఉండేది. కోటిలింగం అందరి మాటా వినేవాడు, ఎవరినీ నమ్మేవాడు కాదు. కళ్ళు మూసుకుని, బొటనవేలితో చెవి కప్పి, నన్ను ఇంజిను మీద అక్కడా ఇక్కడా ఆనించి, చివరికి ఒకచోట ఆగేవాడు. "ఇదిగో, ఇక్కడ కొడతా ఉంది." ఇంజిను విప్పితే అక్కడే ఉండేది. కోటిలింగం చెవికి ఆటోనగర్ అంతా పేరు. ఆ చెవిని అతను కొత్త అల్లుడిలా చూసుకునేవాడు. మఫ్లరు చుట్టేవాడు, స్నానానికి ముందు దూది పెట్టేవాడు.

నాకు రెండు చివరలున్నాయని మాత్రం అతనికి ఎప్పుడూ తోచలేదు. ఇటునుంచి అటు పోయేది అటునుంచి ఇటు రాదా? ఇంజిను సంగతి అతనికి చెబుతూనే, అతని సంగతి నేను వింటూ ఉండేవాడిని. వక్క కొరకడం, దవడ బిగించడం, కోపం మింగడం. ఆ మధ్య ఆ వైపునుంచి కొత్త చప్పుడు రావడం మొదలైంది. దబ్, దబ్, దబ్. చెవి ఎంత గట్టిగా మూసుకుంటే అంత గట్టిగా. అది అతని నెత్తురు. చెప్పడానికి నాకు నోరు లేదు. మోయడమే నా పని, వ్యాఖ్యానం కాదు.

కోటిలింగం ఆ చప్పుడు విన్నాడు. విని, ఇంజినుదనుకున్నాడు.

ఒక లారీకి బేరింగు పోయిందని ఇంజిను దించాడు. బేరింగు అద్దంలా ఉంది. "ముందే చూసుకోవడం మంచిదే" అన్నాడు. ఇంకో లారీకీ అంతే. ఈసారి మంచిదే అనడానికి ఓనరు ఒప్పుకోలేదు. టీ బంకు దగ్గర మాట పుట్టింది, కోటిలింగం చెవి పోయిందని. ఆ మాట అతని దాకా వచ్చిన రోజు దవడ ఎంత బిగించాడో నేను విన్నాను. తన అరిగిన చెప్పుల గురించి తనే నవ్వుకునే మనిషి చెవి గురించి నవ్వలేకపోయాడు. మూడో ఇంజిను కూడా ఊరికే విప్పితే తన షెడ్డు ముందు లారీ ఆగదని అతనికి తెలుసు.

ఆ మూడోది దస్తగిరిది. నంద్యాల వాడు, బేతంచెర్ల నాపరాయి బండలు తోలుతాడు. లారీ తనదే, డ్రైవరూ తనే. ఘాట్లో నల్లపొగ కక్కుతోందని, లాగడం లేదని, ఏదో టకటకలాడుతోందని తెచ్చాడు. ఇంజిను విప్పితే నెల తిరిగేదాకా బండి కదలదు. బండల ఫ్యాక్టరీవాడు అంతదాకా ఆగడు, ఇంకో లారీ చూసుకుంటాడు.

కోటిలింగం నన్ను ఇంజిను మీద ఆనించాడు. నాజూకుగా ఒక టకటక వినపడింది, అదే అసలు జబ్బు. దాని మీద దబ్, దబ్ అని రెండోది. కోటిలింగం పెద్దదాన్నే పట్టుకున్నాడు.

"రేసివ్వు" అన్నాడు.

దస్తగిరి తొక్కాడు. ఇంజిను పరుగెత్తింది. దబ్ దబ్ మాత్రం తన నడక తాను నడిచింది. ఇంజినులో పుట్టిన చప్పుడు ఇంజినుతో పరుగెత్తాలి. ఈ సంగతి శిష్యులకు నేర్పినవాడే కోటిలింగం. కానీ మనిషికి తనను తాను కాపాడుకోవలసి వచ్చినప్పుడు తెలివి ఎంత చక్కగా అడ్డుపడుతుందో చూడండి. "దొంగ కొట్టుడిది. రేసుకి దొరకదు" అన్నాడు.

"నాకేం దొంగ వినపళ్ళ్యా మేస్త్రీ" అన్నాడు దస్తగిరి కేబిన్లోంచి.

"నీకు వినపడితే నా దగ్గరకెందుకొస్తావ్?"

అప్పుడే కోటిలింగం భార్య తులశమ్మ అన్నం క్యారేజీ తెచ్చింది. "ఈయన మాటలకేం గానీ అన్నా, రేత్రిళ్ళు దిండు మార్చమని చంపుతున్నాడు. దిండులో ఏదో కొడతా ఉందంట. మూడు దిండ్లు మార్చా" అంది.

"దూది గడ్డకట్టింది" అన్నాడు కోటిలింగం.

"దిండుకి కూడా బేరింగులుంటాయా అక్కా?" అన్నాడు దస్తగిరి. తులశమ్మ నవ్వింది. కోటిలింగం నవ్వలేదు. నన్ను మరింత గట్టిగా చెవికి నొక్కి, కళ్ళు మూసుకుని, అరచెయ్యి కిందికి ఊపాడు. రేసు తగ్గించమని. దస్తగిరి ఆపమన్నాడనుకున్నాడు. తాళం తిప్పేశాడు.

పక్క షెడ్డులో గాలి కంప్రెసరు హోరుమంటోంది. కోటిలింగానికి తేడా తెలియలేదు. పైగా మొహం విచ్చుకుంది.

"ఆఁ. ఇప్పుడు తేటగా ఉంది. రెండో సిలిండరు కింద. దిట్టంగా కొడతా ఉంది. దించాల్సిందే."

దస్తగిరి కేబిన్ దిగి వచ్చి పక్కన నిలబడ్డాడు. మెల్లిగా అన్నాడు.

"మేస్త్రీ, ఇంజను ఆపేసినాను."

కోటిలింగం కళ్ళు తెరిచాడు. రెండో చెయ్యి ఇంజిను మీద వేసి చూశాడు. వణుకు లేదు. నన్ను తీసి షెడ్డు స్తంభానికి ఆనించి విన్నాడు. కొడుతోంది. నీళ్ళ డ్రమ్ముకు ఆనించాడు. కొడుతోంది. లారీలో మిగిలిన నాపరాయికి ఆనించాడు. అదీ కొడుతోంది. ప్రపంచం మొత్తానికి బేరింగు పోయింది.

నేను చూసిన భయాలన్నిటిలో అది చిత్రమైనది. చచ్చిపోతానని కాదు. ఊరికే విప్పిన ఆ రెండు ఇంజిన్లు గుర్తొచ్చి.

దస్తగిరి నన్ను అతని చేతిలోంచి తీసుకున్నాడు. గుండు చివరను కోటిలింగం చొక్కా మీద, గిన్నెను తన చెవిలో పెట్టుకున్నాడు.

"కొట్టడంల్యా మేస్త్రీ" అన్నాడు. "కొట్టుకుంటాంది."

తులశమ్మ క్యారేజీ కింద పెట్టేసింది. "పదయ్యా డాక్టరు దగ్గరికి. ముందు నీ ఇంజిను చూపిద్దాం" అంది. గొంతులో నవ్వు లేదు.

"ఇతని బండి చూసి వస్తా. అది నన్ను నమ్ముకుని వచ్చింది" అన్నాడు కోటిలింగం. ఆమె ఒప్పుకోలేదు. అతను వెళ్ళలేదు. చివరికి, చూసినంతసేపు స్టూలు మీద కూర్చుని చూస్తానని ఒప్పందమైంది.

ఆ మధ్యాహ్నం చెవి దస్తగిరిది, చెయ్యి కోటిలింగానిది. ఇంజిను తిరుగుతుండగా కోటిలింగం కూర్చున్నచోటినుంచే స్పానరు చాచి ఒక్కొక్క నాజిల్‌కు డీజిలు తెచ్చే గొట్టం నట్టు వదులు చేస్తూ పోయాడు. ఏది వదులైతే చప్పుడు ఆగుతుందో, జబ్బు అక్కడ. "ఇప్పుడేమంటంది?" "అట్లనే ఉంది." "ఇప్పుడు?" "పెనం మీద నీళ్ళు చల్లినట్ల." "ఇప్పుడు?"

దస్తగిరి చెయ్యెత్తాడు. "నిల్చిపోయింది."

ఆ నాజిల్ ఊడదీసి పక్కదానితో మార్చి వేశారు. టకటక కూడా పక్క సిలిండరుకు మారింది. అంటే జబ్బు నాజిల్‌దే. డీజిలును పొగలా చిమ్మవలసింది, చొల్లులా కారుస్తోంది. కొత్త నాజిల్ వేశారు. ఇంజిను దించలేదు. దస్తగిరి ఆ సాయంత్రమే బండి తీశాడు. పోతూ పోతూ కేబిన్లోంచి, "మేస్త్రీ, దిండు జాగ్రత్త" అని అరిచాడు.

డాక్టరు దగ్గరికి నన్నూ తీసుకెళ్ళారు. నన్ను ఇంకా పట్టుకునే ఉన్న సంగతి కోటిలింగం దారిలో గాని చూసుకోలేదు. అక్కడ నా జాతివాడు ఒకడు డాక్టరు మెడలో వేలాడుతున్నాడు. రబ్బరు ఒళ్ళు, చల్లటి మొహం, చాలా గౌరవం. రక్తపోటు బాగా ఎక్కువగా ఉందని, ఇంకొంతకాలం దిండ్లు మార్చుతూ కూర్చుంటే ప్రమాదమయ్యేదని డాక్టరు చెప్పాడు. మాత్రలు రాశాడు. కోటిలింగం మాత్రం రబ్బరువాడినే చూస్తూ, "వీడిలో వక్క చప్పుడు కూడా వినపడుద్దా?" అని అడిగాడు.

ఆ రెండు ఇంజిన్ల ఓనర్ల దగ్గరికీ వెళ్ళాడు. ఏం చెప్పాడో నాకు తెలియదు. ఆ రోజు నన్ను షెడ్డులో మేకుకు తగిలించి వెళ్ళాడు. తిరిగొచ్చాక టీ బంకు దగ్గర ఆ కథ తనే చెప్పి, అందరికన్నా ముందు తనే నవ్వాడు.

మాత్రలతో దబ్ దబ్ తగ్గింది, పూర్తిగా పోలేదు. లారీలు ఇంకా వస్తాయి. డ్రైవర్లు ఇంజిను తిరుగుతుండగానే బానెట్ ఎత్తుతారు. కోటిలింగం నన్ను మేకు మీదనుంచి తీసి, ముందుగా "ఆపు" అంటాడు.

కొత్తవాళ్ళు తెల్లబోతారు. "ఆపితే ఏం వినపడుద్ది మేస్త్రీ?"

అతను అప్పటికే కళ్ళు మూసుకుని ఉంటాడు. చల్లారిన ఇనుము మీద నేను, నా అవతలి చివర అతను. కాసేపు వింటాడు.

"ఇది నాది" అంటాడు. "ఇంక నీది స్టార్టు చెయ్యి."