కొసరు లేని తూకం

వేడి గాలి. కొలిమి తలుపు తీయగానే మొహాన కొట్టిన వేడి గాలి.

కర్నూలు ఎండలో పెరిగిన పిల్లకు వేడి కొత్తా? అయినా భువన ఒక అడుగు వెనక్కి వేసింది.

లోపల ఎర్రగా... వేలెడంత కడ్డీ.

నికెల్. అందులో కాస్త అల్యూమినియం, కాస్త క్రోమియం, చిటికెడు రీనియం. విమానం ఇంజను లోపల, మంటల్లో తిరిగే చిన్న రెక్కగా ఈ మిశ్రమం తట్టుకుంటుందా — అదే ఆమె పరిశోధన.

తట్టుకోలేదు. లాగి చూస్తే పుటుక్కున విరిగింది.

విరిగిన ముక్కను మైక్రోస్కోపు కింద పెట్టింది. చిన్న చిన్న చదరాలు, బేతంచెర్ల బండలు పరిచిన వసారాలా వరస వరసగా. ఆ చదరాలే లోహానికి బలం. కానీ వాటిని చీల్చుకుంటూ సూదులు... ఎటు చూసినా సూదులు.

రీనియం మోతాదు మించితే, వేడిలో మొలిచే సూదులు. వాటి వెంటే పగులు.

ఎలా మించింది? లెక్క సరిగానే ఉంది. త్రాసూ సరిగానే ఉంది.

చెయ్యి — తన చెయ్యే!

కోడుమూరు సంతలో అమ్మ మహాదేవమ్మ పక్కన కూర్చుని శనక్కాయలు కొలిచిన చెయ్యి. శేరు నిండాక పైన గుప్పెడు వేయనిదే ఎవరినీ పంపని చెయ్యి. త్రాసు చాలన్నా అది ఆగలేదు. బలమిచ్చే లోహమే కదా అని ఇంకొంచెం వేసేసింది.

ఎంత సిగ్గేసిందో!

“ఇంకొక్క కడ్డీకే రీనియం ఉంది, భువనా. ఇదీ విరిగితే ఈ పని ఆపేద్దాం” అంది గైడు సుప్రజ మేడం.

ఏడుపొచ్చింది. అమ్మకు ఫోను చేసింది.

“నీ కొసరే నా కొంప ముంచిందిమా.”

అమ్మ పడీ పడీ నవ్వింది. “నా కొసరు తినేటోళ్లకే! నీ ఇనుముకు గూడా ఆకలైతాదా?”

భువనకూ నవ్వొచ్చింది, కళ్ళు తుడుచుకుంటూనే.

“మల్లా చేస్తాండావా?”

“చేస్తాండా. శానా భయంగా ఉండాదిమా.”

“కొసరెయ్యాలనిపిస్తే చెయ్యి ఎనక్కి తీసుకో. నీ కొసరు నేనీడ ఎవురికన్నా ఏస్తాలే.”

మళ్ళీ త్రాసు. అంకె నిలిచింది. వేళ్ళు జిలపెట్టాయి... భువన పిడికిలి బిగించింది. మిగిలిన చిటికెడూ సీసాలోనే ఉండిపోయింది.

కరిగించింది. పోసింది. నునుపుగా అరగదీసి చూసింది.

చదరాలు. ఒక్క సూదీ లేదు!

అయినా తొందరపడకూడదు. సూదులు మొదట కనిపించవు. రోజుల తరబడి వేడిలో ఉంటేనే బయటపడతాయి. కడ్డీని కొలిమిలో పెట్టింది. ఎదురుచూసింది.

కొలిమిలో ఉంచాల్సిన గడువు ఇవాళ్టితో తీరింది.

పైన, ఓర్వకల్లు విమానాశ్రయం వైపు దిగుతున్న విమానం మోత.

ఇవాళే కోడుమూరు సంత కూడా. ఈపాటికి అమ్మ ఎవరి సంచిలోనో రెండు గుప్పెళ్ళు ఎక్కువ వేస్తూ ఉంటుంది. ఒకటి తనది, ఒకటి కూతురిది.

భువన కొలిమి తలుపు తీసింది.

వేడి గాలి...