తప్పొప్పుల పట్టిక

పైఅంతస్తులో కొత్త కుర్చీ చక్రాలు గరగరమన్నాయి. కింద భూతద్దం పళ్ళు కొరికింది.

అచ్చుతప్పులు దిద్దడం ఆమె పని. చీమతలంత తప్పయినా కంటపడక మానదు కాబట్టి ప్రచురణకర్త ఆమెకు భూతద్దం అని పేరు పెట్టాడు. ఇంట్లోనూ అదే స్థిరపడింది. పైన ఉండే తోడికోడలు అదే ప్రచురణకర్తకు కంప్యూటర్ మీద పాఠ్యపుస్తకాల పేజీలు కూర్చి ఇస్తుంది. ఇద్దరికీ జీతాల్లేవు. పేజీకి ఇంత అని లెక్క.

పొద్దున ప్రూఫులివ్వడానికి దిగొచ్చిన తోడికోడలు, గుమ్మంలోనే నిలబడి చల్లగా చెప్పింది.

"అక్కా, నాకు రేటు పెంచారు."

"ఎంత పెంచారేమిటి?"

"బాగానేలే. ఒకటిన్నర రెట్లు! పని పెరిగింది, డబ్బులూ పెంచండి అన్నాను, పెంచేశారు. కొత్త కుర్చీ కూడా కొనేశాను. నువ్వూ అడగరాదూ? ఇంకా ఎన్నాళ్ళా మొహమాటం?"

కుర్చీ కన్నా ఆ సలహా ఎక్కువ గుచ్చుకుంది.

మూడేళ్ళ కిందట భూతద్దం ఒప్పుకున్నది అచ్చుతప్పులు దిద్దడం ఒక్కటే. తర్వాత ప్రచురణకర్త "పనిలో పనిగా బొమ్మల కింద వాక్యాలు చూసెయ్యండమ్మా" అన్నాడు. "ఎలాగూ చదువుతున్నారుగా" అంటూ లెక్కల జవాబులు సరిచూడమన్నాడు. పోయిన నెల పుస్తకం చివరి పదసూచి కూడా వచ్చి పడింది. పది నిమిషాల పేజీ అరగంటయింది. రేటు మాత్రం కదల్లేదు. అడగాలన్న మాట ఆర్నెల్లుగా నాలుక చివరిదాకా వచ్చి వెనక్కి పోతోంది. ఇవాళ అసూయ దాన్ని మెడపట్టి బయటికి తోసింది.

ఆమె ఉత్తరం టైపు చేసింది. మూడో వరుసలో అసలు సంగతి: "మా తోడికోడలికి పేజీకి ఎంత ఇస్తున్నారో నాకూ సరిగ్గా అంతే ఇవ్వగలరు." మూడుసార్లు చదివింది. ఒక్క దీర్ఘం కూడా తప్పిపోలేదు. పంపేసింది.

పది నిమిషాల్లో ఫోన్ మోగింది.

"ఉత్తరం చూశానమ్మా. అలాగే. ఈ నెల నుంచే."

ఖర్చు తగ్గుతుందంటే పేజీ నంబర్లు కూడా తీసేద్దామనే మనిషి! బేరమాడలేదు, నసగలేదు. ఎక్కడో తేడా కొట్టింది.

"ఇంతకీ ఆమెకు ఎంతిస్తున్నారండీ?"

"పన్నెండు ఉండేది. పద్దెనిమిది చేశాను."

ఒకటిన్నర రెట్లే. భూతద్దానికిప్పుడు వస్తున్నది ఇరవై రెండు.

"తగ్గించమని ఉత్తరం రాసినవాళ్ళని ఇదే చూడ్డం" అతను నవ్వాపుకుంటున్నాడు. "అచ్చులో ఉన్నదే లెక్క అని నాకు నేర్పింది మీరేగా!"

"ఒక్క పది నిమిషాలాగండి" అని ఫోన్ పెట్టేసింది.

ఈసారి ఆమె పంపింది ఉత్తరం కాదు.

"తప్పొప్పుల పట్టిక. మూడో వరుస. తప్పు: తోడికోడలికి ఇస్తున్నంత. ఒప్పు: పెరిగిన పనికి తగినంత."

దాని కింద బొమ్మల వాక్యాలు, జవాబులు, పదసూచి ఏ నెలలో వచ్చి చేరాయో రాసింది. చివర ఒకే మాట: "పేజీకి ముప్పై అయిదు. లేదంటే రేపటి నుంచి అచ్చుతప్పులు మాత్రమే."

మళ్ళీ ఫోన్. ఈసారి నవ్వు లేదు.

"ముప్పై రెండు చేద్దామమ్మా."

"పోయిన పుస్తకంలో తప్పు జవాబులెన్ని పట్టానండీ?"

"నలభై ఒకటి."

"అవి అలాగే అచ్చయి బడులకు వెళ్ళుంటే?"

పెద్ద నిట్టూర్పు. "ముప్పై అయిదు. ఒప్పు!"

సాయంత్రం తోడికోడలు దిగొచ్చింది. "అడిగావా అక్కా? ఎంత చేశారు?"

"ముప్పై అయిదు."

భూతద్దం కళ్ళు ఆ మొహం మీదే ఉన్నాయి. పెదాల మీద నవ్వు నిలబడింది. కళ్ళలోది రాలిపోయింది. చూస్తుంటే ప్రాణం హాయిగా ఉంది.

"ముప్పై అయిదే! అయితే నేనూ రాస్తానుండు. అక్కకిచ్చినంత నాకూ ఇవ్వండని."

"పిచ్చిపని చెయ్యకు!" నోరు జారింది. "నీకు పెరిగిన పనులేవో ఒక్కొక్కటీ రాయి. పంపేముందు నాకు చూపించు, దిద్దిపెడతాను."

"మా అక్క బంగారం!" అంటూ తోడికోడలు రెండేసి మెట్లెక్కి పోయింది. పైన కుర్చీ చక్రాలు హుషారుగా గరగరమన్నాయి.

భూతద్దం ఎర్రపెన్ను మూత తీసింది. మళ్ళీ పెట్టేసింది. తోడికోడలి ఉత్తరంలో తెలిసి తెలిసి ఒక్క తప్పు వదిలేస్తే ఎలా ఉంటుందా అని మొదటిసారి అనిపించింది.