తప్పుల ఫైలులో డెబ్బై ఒకటో పేరు

కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అనలేదు. పంతొమ్మిదేళ్ల కిందట అక్కకి చూపు పోయినప్పుడు, తెర మీది అక్షరాలను చుక్కలుగా వేళ్ల కిందికి తెచ్చే బ్రెయిలీ పట్టీ కోసం సి భాషలో ప్రోగ్రాం రాసి, ఎవరైనా ఉచితంగా వాడుకోండని ఇంటర్నెట్‌లో పెట్టింది నేను. ఇప్పుడు వేలమంది దానితో చదువుతున్నారు. దాన్ని, రాసినదాంట్లో తప్పుంటే కంపైలర్ అనే తనిఖీదారే ముందుకు పోనివ్వని రస్ట్ అనే కొత్త భాషలోకి మార్చాలని పట్టుబట్టిందెవరు? అక్క కూతురే! నా భుజాలెక్కి ఆడిన పిల్ల!

ప్రాజెక్టు చర్చలో నూట నలభై ఉత్తరాలు నడిచాయి. సగం మంది దాని వైపు, సగం మంది నా వైపు. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లన్నాను. నిజం చెప్పాలంటే నాది భయం. నడుస్తున్నదాన్ని కదిపితే అక్క చదువు ఎక్కడ ఆగిపోతుందోనని.

మా ప్రాజెక్టులో నేను పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. తప్పు ఎవరిదైతే వాళ్లే తమ పేరుతో 'తప్పుల ఫైలు'లో రాసుకోవాలి. అందులో డెబ్బైమంది పేర్లున్నాయి. నా పేరు లేదు. ఆ సంగతి అప్పుడప్పుడూ అందరికీ గుర్తుచేస్తుండేవాణ్ణి కూడా.

ఆదివారం పొద్దున అక్క వాళ్లింటికి వెళ్తే, మేనకోడలు లాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. అక్క పక్క కుర్చీలో చదువుకుంటోంది.

"మామయ్యా, నీ కోడ్ ఉన్నదున్నట్టు రస్ట్‌లో రాశాను. ఈ ఒక్కచోట కంపైలర్ ససేమిరా అంటోంది. నాకే అర్థం కాలేదేమో, కాస్త చెప్పవా?"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది మీ కంపైలర్ వరస! విను. పొడుగు లైనొస్తే ముక్కలు చేస్తాం. మొదటి ముక్క పనవ్వగానే మెమరీలో ఆ లైనున్న చోటు ఖాళీ చేసేస్తాం. తర్వాత..."

తెర మీద ఆ వరస మళ్లీ చూశాను. రెండో ముక్కని నా కోడ్, ఖాళీ చేసేసిన ఆ చోటు నుంచే చదువుతోంది. పైన నా రాతే: 'ఇది సరిగ్గానే ఉంది. ముట్టుకోవద్దు.'

"అలా చదివితే ఏమవుతుందే?" అని అక్క తన కూతుర్ని అడిగింది.

"ఒక్కోసారి ఏమీ కాదమ్మా. ఒక్కోసారి మొత్తం బిగుసుకుపోతుంది."

"ఓహో, పొడుగు లైనొస్తే చుక్కలు కదలవు, అదేనా?"

"ఎన్నాళ్ల నుంచి అక్కా?"

"మొదట్నుంచీను. ఆపి మళ్లీ పెట్టుకుంటాను. నా కోసం అంత కష్టపడ్డావు, ఏం చెప్పనురా?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఇదే ఫిర్యాదు రాసినవాళ్లందరికీ 'మీ మెషీన్ పాతదై ఉంటుంది' అని జవాబిచ్చింది నేనే.

మేనకోడలు ఎగతాళి చేయలేదు. "సి లోనే సరిచేయొచ్చు మామయ్యా. రెండు లైన్ల పని."

"ఇదొక్కటీ సరే. నా కంటికి ఆననివి ఇంకెన్ని ఉన్నాయో! నువ్వు రస్ట్‌లోనే రాయవే. నాకూ నేర్పు. నీ తప్పులు నేను పట్టుకుంటాను."

తప్పుల ఫైలు తెరిచాను. చేసిన వెధవ పని, పెట్టిన వెధవ హెచ్చరిక, ఇచ్చిన వెధవ జవాబులు, అన్నీ ఒకే పొడుగు లైనులో నా పేరుతో రాశాను. ఈలోగా మేనకోడలు ఆ రెండు లైన్లూ సరిచేసి, ప్రోగ్రాంని అక్క పట్టీకి ఎక్కించి, ఆ లైనే తెరిచింది.

అక్క వేళ్లు పట్టీ చివరికి వెళ్లి, మొదటికొచ్చి, మళ్లీ చివరికి వెళ్లాయి.

"ఇంత పొడుగున తిట్టుకున్నావేంట్రా!" అని నవ్వింది అక్క. "చివరిదాకా చదివాను."